కాటమరాన్ అద్దెకు తీసుకుంటే రాత్రి రెండింటికి కరెంటు పోయింది. లోపం పడవదా, వాడకానిదా?

ఎడిసన్_పద్మ
పోయిన ఏడాది కరీబియన్‌లోని బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో, టోర్టోలా నుంచి 45 అడుగుల కాటమరాన్ (రెండు పొట్టల తెరచాప పడవ) అద్దెకు తీసుకున్నాం. రెండు కుటుంబాలు, ఎనిమిది మంది. కెప్టెన్ లేడు, పడవ మాత్రమే. మావారికి సర్టిఫికెట్లు ఉన్నాయి కాబట్టి తెరచాపలతో ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బందంతా లోపలి యంత్రాలతోనే.

మొదటి రాత్రి నార్మన్ దీవి దగ్గర బైట్ అనే అఖాతంలో మూరింగ్ బోయాకు (పడవ కట్టుకోవడానికి నీటి మీద తేలే గుండు) కట్టుకుని, జనరేటర్ నడుపుతూ ఏసీలు వేసుకుని పడుకున్నాం. రెండింటికి జనరేటర్ దానంతట అదే ఆగిపోయింది. ఎంత నొక్కినా మళ్లీ అందుకోలేదు. తెల్లవారేసరికి ఫ్రిజ్ కూడా ఆగింది. వారానికి సరిపడా తీసుకెళ్లిన పెరుగు, పాలు, దోసెల పిండి అన్నీ పారబోయాల్సి వచ్చింది. కంపెనీకి ఫోన్ చేస్తే "మీరు సరిగా వాడలేదు" అని ఒకటే మాట. పడవ అప్పగించేటప్పుడు ఒక కుర్రవాడు వచ్చి, గంటలోపే అన్నీ చూపించేసి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ప్యానెల్ మీద రెండు వరుసల స్విచ్‌లు, వాటి కింద అరిగిపోయిన అక్షరాలు. ఎవరికి గుర్తుంటాయి?

ఈ ఏప్రిల్‌లో మళ్లీ వెళ్తున్నాం, వేరే కంపెనీతో. ఆ రాత్రి అసలు ఏం జరిగి ఉంటుంది? వెళ్లే ముందు ఏమేమి తెలుసుకోవాలి?

టంపా_రావు
రాత్రంతా ఏసీ వేశారు. అంతే. ఇంకేమీ వెతకనక్కర్లేదు.

పులిహోర_ప్రియ
దోసెల పిండి సంగతి చదివి కళ్లు చెమర్చాయి. మిగతాది తర్వాత చదువుతాను.

రిటైర్డ్_చీఫ్
రావు గారూ, రాత్రంతా ఏసీ వేయడం నేరమేమీ కాదు. జనరేటర్ పెట్టిందే అందుకు. ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులు కనిపిస్తున్నాయి, వాటిని కలిపేయకండి. జనరేటర్ ఆగడం ఒకటి, ఫ్రిజ్ ఆగడం ఒకటి. జనరేటర్ ఆగినంత మాత్రాన ఫ్రిజ్ ఆగకూడదు. అది నడిచేది 12 వోల్టుల బ్యాటరీ మీద.

పద్మ గారూ, మూడు సంగతులు చెప్పండి. ఆగినప్పుడు జనరేటర్ ప్యానెల్ మీద ఏ దీపం వెలిగింది? పొద్దున బ్యాటరీ వోల్టేజి ఎంత? ఆ వారంలో నీళ్ల మీద గోధుమరంగు నాచు తేలుతూ కనిపించిందా?

ఎడిసన్_పద్మ
ఎర్ర దీపం, పక్కన ఉష్ణమాపకం బొమ్మ. కంపెనీకి పంపడానికి పొద్దున ప్యానెల్ మొత్తం ఫోటో తీసి పెట్టుకున్నాను. వోల్టేజి 11.6 అని కనిపిస్తోంది. నాచు మాత్రం విపరీతంగా ఉంది. సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ చానెల్ దాటుతుంటే చాపలు పరిచినట్లు తేలుతూ వచ్చింది. వేడిగా ఉందని దారిలో కూడా జనరేటర్ వేసే ఉంచాం.

రిటైర్డ్_చీఫ్
అయితే మొదటి జబ్బు తేలిపోయినట్లే. జనరేటర్ చల్లబడేది సముద్రపు నీటితో. పడవ అడుగున ఒక రంధ్రం, దానికో వాల్వు, ఆ తర్వాత గాజులాంటి మూత ఉన్న చిన్న జల్లెడ డబ్బా. నీటితో వచ్చే చెత్త ఆ జల్లెడలో ఆగుతుంది. మీరు చూసిన నాచు సర్గాసం. 2011 నుంచి కరీబియన్‌లో అది దాదాపు ఏటా కొట్టుకొస్తూనే ఉంది. జల్లెడ నిండితే నీరు తగ్గుతుంది, యంత్రం వేడెక్కుతుంది, లోపలి సెన్సర్ దాన్ని ఆపేస్తుంది. ఆపడమే దాని పని. ఆపకపోతే జనరేటర్ కాలిపోయేది, ఆ బిల్లు కూడా మీకే వచ్చేది.

చేయాల్సింది చాలా చిన్న పని. జనరేటర్ ఆపాలి, వాల్వు మూయాలి, జల్లెడ మూత తిప్పి బుట్ట తీసి కడగాలి, మూత బిగించాలి, వాల్వు తెరవాలి. ఆ ఆఖరిది మరిచిపోయేవాళ్లు ఎక్కువ. ఏసీకి వేరే పంపు, వేరే జల్లెడ. రెండు ఇంజన్లకు వాటి జల్లెడలు వాటివి. పడవ ఎక్కగానే ఇవన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో చేత్తో తాకి చూడండి. కొన్ని పడవల్లో మంచం కింద ఉంటాయి.

ఇక రెండో జబ్బు. 11.6 అంటే బ్యాటరీ దాదాపు ఖాళీ. ఆ ఫోటోలో "బ్యాటరీ చార్జర్" అనే స్విచ్ పైకి ఉందా, కిందకు ఉందా?

ఎడిసన్_పద్మ
పెద్దది చేసి చూశాను. కిందకు ఉంది. మిగతావి చాలావరకు పైకి ఉన్నాయి.

పులిహోర_ప్రియ
ఫోన్లన్నీ నిండాయి కదా, చార్జర్ ఎందుకు దండగ అని ఆపేసిన పొదుపరి ఎవరో ఉండి ఉంటారు.

ఎడిసన్_పద్మ
ఎనిమిది మందినీ అడిగాను. ఎవరూ ముట్టలేదంటున్నారు. అప్పగించినప్పుడే అలా ఉందో ఏమో, తేలే దారి లేదు.

టంపా_రావు
ఎవరు ఆపినా, ఆరు గంటల్లో బ్యాటరీలు ఖాళీ కావు. బ్యాటరీలే ముసలివి అయి ఉంటాయి. అద్దె పడవల్లో అది మామూలే. 2017లో ఇర్మా తుఫాను వచ్చాక అక్కడికి చాలా కొత్త పడవలు వచ్చాయి. ఆ కొత్తవి ఇప్పుడు కొత్తవి కావు. బ్యాటరీలు ఎప్పుడు మార్చారో ముందే అడగాలి.

రిటైర్డ్_చీఫ్
లెక్క వేద్దాం. ఈ సైజు పడవలో లోపలి వాడకానికి ఉండే బ్యాటరీలు సుమారు 450 ఆంపియర్ అవర్ (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) అనుకోండి. లెడ్ యాసిడ్ రకం అయితే సగానికి మించి వాడకూడదు, అంటే చేతిలో ఉన్నది 225. ఫ్రిజ్, ఫ్రీజర్, ఫ్యాన్లు, లంగరు దీపం, ఇన్వర్టర్ అన్నీ కలిపి సగటున గంటకు 15 ఆంపియర్లు తింటాయి. రాత్రి రెండు నుంచి ఏడు దాకా అయితే 75 మాత్రమే. దానికి 11.6 రాదు. ఇక్కడి వరకు రావు గారి మాట నిజం.

కానీ చార్జర్ ఆగి ఉంటే లెక్క రెండింటికి మొదలుకాదు, బోయాకు కట్టి ఇంజన్లు ఆపిన క్షణం నుంచి మొదలవుతుంది. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా 14 గంటలు, 210. అంతకు ముందు తెరచాపల మీద వచ్చినంతసేపు ప్లాటర్ (దారి చూపే తెర), ఆటోపైలట్ తిన్నది అదనం. జనరేటర్ గంటల తరబడి నడిచినా ఒక్క ఆంపియర్ కూడా బ్యాటరీలోకి వెళ్లలేదు. అది ఏసీలకు, గోడ సాకెట్లకు మాత్రమే పనిచేసింది. 11.6 ఇప్పుడు అర్థమవుతుంది. వోల్టేజి మరీ పడిపోతే బ్యాటరీని కాపాడటానికి ఫ్రిజ్ కంప్రెసర్ తనంతట తాను ఆగుతుంది.

కొత్త_కెరటం
అంటే జనరేటర్ వేస్తే బ్యాటరీ నిండుతుందని అనుకోకూడదా? నేనూ అదే అనుకుంటున్నాను ఇన్నాళ్లూ.

మ్యూనిక్_మోహన్
జనరేటర్ ఇచ్చేది ఇంట్లో ఉండే రకం కరెంటు. దాన్ని బ్యాటరీలోకి ఎక్కించేది చార్జర్. బ్యాటరీ నుంచి తిరిగి సాకెట్లకు ఇచ్చేది ఇన్వర్టర్. ఈ మూడింటి మధ్య బాణాలు గీసుకుని ఒక కాగితం ప్యానెల్ పక్కన అంటిస్తే సగం గందరగోళం పోతుంది. ఇంజన్ నడుస్తుంటే మాత్రం ఆల్టర్నేటర్ నేరుగా బ్యాటరీని నింపుతుంది, చార్జర్‌తో పని లేదు.

నిజం చెప్పే సాక్షి వోల్టేజి మీటర్ ఒక్కటే. నిండుగా ఉండి ఏ భారమూ లేకపోతే 12.7 దగ్గర. 12.2 అంటే సగం. చార్జింగ్ జరుగుతుంటే 13.5 పైన చూపించాలి. జనరేటర్ వేశాక కూడా 12.4 అని చూపిస్తోందంటే ఏదో స్విచ్ కిందకు ఉన్నట్లే. అన్నట్టు ఈ అంకెలు లెడ్ యాసిడ్, ఏజీఎం (అందులోనే సీలు వేసినవి) రకాలకు. లిథియం ఉంటే వోల్టేజిని నమ్మకండి, శాతం చూపించే మీటర్ చూడండి.

సీషెల్స్_శైలజ
ఇంత బాధ ఎందుకు? స్కిప్పర్‌ని, అంటే పడవ నడిపే కెప్టెన్‌ని, పెట్టుకోండి. మేము హైదరాబాద్ నుంచి సీషెల్స్ వెళ్లి మాహే నుంచి పడవ తీసుకుంటే స్కిప్పరే అన్నీ చూసుకున్నాడు. ప్రాలిన్ దగ్గర లంగరు వేసి మేము చేపలు చూస్తుంటే ఆయన జల్లెడలు కడుక్కుంటున్నాడు. సెలవు అంటే అదీ.

టంపా_రావు
స్కిప్పర్‌కు ఒక గది ఇవ్వాలి, భోజనం పెట్టాలి, ఎనిమిది మందికి నాలుగు గదుల పడవలో ఎక్కడ పడుకోబెడతారు?

సీషెల్స్_శైలజ
ముందు కొనలో ఉంటుంది చూడండి, పైనుంచి మూత తెరిచి దిగే చిన్న గది. మా స్కిప్పర్ అందులోనే పడుకున్నాడు.

పులిహోర_ప్రియ
ఆ గదిని పాపం గది అనకుండా "స్కిప్పర్ క్యాబిన్" అని బ్రోషర్‌లో వేసినవాడికి దండం.

ట్యాంక్‌బండ్_తెరచాప
నేను సెయిలింగ్ నేర్చుకున్నది హుస్సేన్‌సాగర్‌లో, లేజర్ అనే ఒక్కరు నడిపే చిన్న తెరచాప పడవ మీద. అందులో ఉన్న ఏకైక విద్యుత్ పరికరం నా చేతి గడియారం. మొదటిసారి కాటమరాన్ స్టీరింగ్ దగ్గర నిలబడితే గాలి ఎటు వీస్తోందో తెలుసుకోవడానికి కూడా తెర చూడాల్సి వచ్చింది.

పద్మ గారు తెరచాపలతో ఇబ్బంది లేదన్నారు కాబట్టి ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. ఎలక్ట్రిక్ వించ్, అంటే తెరచాప తాళ్లు లాగే మోటారు. బొత్తాం నొక్కితే పెద్ద తెరచాప హాయిగా పైకి వెళ్తుంది. వెళ్తూ వెళ్తూ అడ్డంగా ఉండే బ్యాటెన్ పుల్ల పక్క తాళ్లలో చిక్కుకుంటుంది. చేత్తో లాగేటప్పుడైతే బరువు తెలిసి ఆగుతాం. మోటారుకు ఆ తెలివి లేదు, చింపేదాకా లాగుతుంది. అందుకే ఒకరు బొత్తాం దగ్గర, ఒకరు చాప వైపు కళ్లు పెట్టి. బొత్తాం మీద వేలు ఉన్నవాళ్లు కింద చూడకూడదు, పైకే చూడాలి. ఆఖరి జానెడు చేత్తో తిప్పాలి.

లంగరు_వేసినవాడు
దానికి తోడు ఇంకొకటి. ఒంటి పొట్ట పడవ గాలి ఎక్కువైతే ఒరిగి చెబుతుంది. కాటమరాన్ ఒరగదు, ఏమీ చెప్పదు. బల్ల మీద కాఫీ కదలకుండా ఉంటుంది కాబట్టి అంతా బాగున్నట్లే అనిపిస్తుంది. అందుకే గాలి వేగం అంకె చూసి తెరచాప కుదించాలి. ఎక్కువ పడవల్లో 18, 20 నాట్ల (సముద్రం మీద వేగం కొలత) దగ్గర మొదటి రీఫ్, అంటే మొదటి కుదింపు. మీ పడవ అంకె ఎంతో కంపెనీ పుస్తకంలో ఉంటుంది, దాన్ని స్టీరింగ్ పక్కన రాసి పెట్టుకోండి. డిసెంబరు, జనవరిలో ఆ దీవుల్లో గాలి 25 దాటడం వింతేమీ కాదు. ఏప్రిల్‌లో కాస్త నయం.

కొత్త_కెరటం
లంగరు గురించి కూడా చెప్పండి. మేము గ్రీస్ వెళ్తున్నాం, అక్కడ అన్నిచోట్లా బోయాలు ఉండవంటున్నారు.

లంగరు_వేసినవాడు
పేరుకు తగ్గ ప్రశ్న వచ్చింది. విండ్లాస్ అంటే లంగరు గొలుసు లాగే మోటారు. ఒక కిలోవాట్ పైనే తింటుంది, 12 వోల్టుల మీద అది దాదాపు 100 ఆంపియర్లు. అందుకని ఇంజన్లు నడుస్తున్నప్పుడే వాడాలి. లంగరు ఎత్తేటప్పుడు పడవను మోటారుతో లంగరు దగ్గరకు లాగించకూడదు. ఇంజన్లతో నెమ్మదిగా ముందుకు వెళ్తుంటే గొలుసు వదులవుతుంది, ఆ వదులును మాత్రమే విండ్లాస్ తీసుకోవాలి. బలవంతం చేస్తే బ్రేకర్ పడుతుంది. ఆ బ్రేకర్ విండ్లాస్ దగ్గర ఉండదు. ఒక పడవలో గది అలమార లోపల, ఇంకోదాంట్లో మెట్ల కింద. వర్షంలో, చీకట్లో దాని కోసం బట్టలన్నీ బయట పారేసి వెతికే పరిస్థితి రాకముందే అడిగి పెట్టుకోండి.

గొలుసు దింపాక బ్రైడిల్ తప్పనిసరి. రెండు ముక్కుల నుంచి రెండు తాళ్లు, వాటిని కలిపే కొక్కెం గొలుసుకు తగిలించి, ఇంకాస్త గొలుసు వదలాలి. బరువు తాళ్ల మీద పడాలి, విండ్లాస్ మీద కాదు. తాడు సాగుతుంది, గొలుసు సాగదు. బ్రైడిల్ వేయకపోతే పడవ రాత్రంతా అటూ ఇటూ ఊగుతుంది, ముందు గదుల్లో పడుకున్నవాళ్లు పొద్దున మీతో మాట్లాడరు.

మ్యూనిక్_మోహన్
గ్రీస్ అంటే గుర్తొచ్చింది. పద్మ గారికీ పనికొస్తుంది. అమెరికాలో ఉండే మిత్రుడు లెఫ్కాడాకు రైస్ కుక్కర్ మోసుకొచ్చాడు. అమెరికాలో 120 వోల్టులు, గ్రీస్ పడవలో 230. ప్లగ్గుకు అడాప్టర్ దొరికింది, ఇక ఏమి అని పెట్టేశాడు. దాదాపు రెట్టింపు వోల్టేజి అంటే కాయిల్ దాదాపు నాలుగు రెట్లు వేడి పుట్టిస్తుంది. బియ్యం ఉడకలేదు, కుక్కరే ఉడికింది.

రిటైర్డ్_చీఫ్
దీనికి ఉల్టా కథ నా దగ్గర ఉంది. విశాఖ నుంచి మా బావగారు తెచ్చిన కుక్కర్ అమెరికా రకం పడవలో పెట్టారు. పావు వంతు వేడి. రెండు గంటల తర్వాత కూడా బియ్యం గోరువెచ్చని నీళ్లలో తీరిగ్గా స్నానం చేస్తున్నాయి. ఆయన మాత్రం "కరెంటు బలం లేదు" అని పడవనే తిట్టారు.

ఎడిసన్_పద్మ
మేము తీసుకునేది అమెరికా రకమే, అడిగాను. కానీ కుక్కర్ ఇన్వర్టర్ మీద పెట్టవచ్చా?

మ్యూనిక్_మోహన్
ఇన్వర్టర్ మీద ఎన్ని వాట్లు రాసి ఉందో చూడండి. 600 వాట్ల కుక్కర్ అంటే బ్యాటరీ నుంచి 50 ఆంపియర్ల పైనే. అరగంటకు 25 ఆంపియర్ అవర్ పోతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు, అంటే బోయా దగ్గరకు వస్తూ వండుకుంటే ఇబ్బంది లేదు. హెయిర్ డ్రయ్యర్ మాత్రం వద్దు. అది కుక్కర్‌కు రెండింతలు తింటుంది.

టంపా_రావు
గ్యాస్ పొయ్యి ఉండగా కుక్కర్ ఎందుకు? అన్నం గిన్నెలో వండితే ఉడకదా?

పులిహోర_ప్రియ
రావు గారు ఎప్పుడూ సరైన మాటే, సరికాని స్వరంలో.

రిటైర్డ్_చీఫ్
గ్యాస్ అంటే అక్కడ ప్రొపేన్. గాలి కన్నా బరువు, కారితే కిందకు దిగి మూలల్లో కూర్చుంటుంది. సిలిండర్ బయట అరలో ఉంటుంది, లోపల ప్యానెల్ మీద దానికొక స్విచ్ ఉంటుంది, దాన్ని నొక్కితేనే గ్యాస్ పొయ్యి దాకా వస్తుంది. వంట అయ్యాక ముందు ఆ స్విచ్ ఆపాలి, గొట్టంలో మిగిలింది మండి మంట దానంతట అదే ఆరాక పొయ్యి పిడి తిప్పాలి. మా పడవలో ఇది వంట చేసినవాళ్ల పని కాదు, తిన్నవాళ్లలో ఒకరి పని.

జనరేటర్ నడుస్తుంటే పిల్లలను వెనక మెట్ల దగ్గర ఈదనివ్వకండి. దాని పొగ నీటితో కలిసి పడవ పక్కకో వెనక్కో వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, మనిషికి తెలియదు. గదుల్లో దాని అలారం ఉందో లేదో మొదటి రోజే బొత్తాం నొక్కి చూడండి. ఈ రెండు సంగతుల్లో నేను హాస్యమాడను.

ఎడిసన్_పద్మ
ఇది కుర్రవాడు చెప్పనే లేదు. పిల్లలు రోజంతా ఆ మెట్ల దగ్గరే ఉండేవారు.

సీషెల్స్_శైలజ
అసలు ఆ దీవుల్లో ఏసీ ఎందుకో నాకు అర్థం కాలేదు. బోయాకు కట్టిన పడవ ముక్కు ఎప్పుడూ గాలి వైపే ఉంటుంది. ముందు కిటికీ మూతలు తెరిస్తే చాలు.

ఎడిసన్_పద్మ
రాత్రి రెండుసార్లు వాన పడుతుంది శైలజ గారూ. లేచి మూయడం, మళ్లీ తెరవడం. మా అత్తగారు ఒక రాత్రి దుప్పటి పిండి ఆరేశారు.

టంపా_రావు
వాన పడనిచోట కూడా ఏసీ వేసేవాళ్లను చూశాను. పక్క పడవవాళ్లు నిద్రపోవద్దా? రాత్రి పదకొండుకు జనరేటర్ ఆపండి, ఫ్యాన్లు వేసుకోండి.

మ్యూనిక్_మోహన్
నాది మధ్యే మార్గం. పడుకునే ముందు రెండు గంటలు ఏసీ, అదే సమయంలో చార్జర్ పైకి ఉంచి బ్యాటరీలు నింపడం, తర్వాత అన్నీ ఆపడం. జనరేటర్ ఆపేటప్పుడు ముందు ఏసీలు ఆపి అయిదు నిమిషాలు ఖాళీగా నడవనివ్వాలి.

కొత్త_కెరటం
నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఎనిమిది మందికి ట్యాంకు సరిపోతుందా?

లంగరు_వేసినవాడు
ఈ సైజు పడవలో 600, 700 లీటర్లు ఉంటాయి. పొదుపుగా వాడితే ఎనిమిది మందికి మూడు, నాలుగు రోజులు. మనవాళ్లు బియ్యం మూడుసార్లు కడిగి, పప్పు రెండుసార్లు కడిగి, శనివారం ఆడవాళ్లంతా తలంటుకుంటే రెండో రోజే పంపు గుర్రుమంటుంది. గిన్నెలు ముందు సముద్రపు నీటితో తోమి, ఆఖరున మంచినీళ్లతో తొలిపితే సగానికి సగం మిగులుతుంది.

ఎవరూ కుళాయి తిప్పకపోయినా పంపు చప్పుడు వినిపిస్తోందంటే రెండే కారణాలు. ట్యాంకు ఖాళీ, లేదా ఎక్కడో కారుతోంది. వెంటనే ప్యానెల్ మీద నీటి పంపు ఆపండి. చాలా పడవల్లో రెండు ట్యాంకులుంటాయి, ఒకటి అయిపోతే వాల్వు తిప్పి రెండోది కలపాలి. రెండూ ఒకేసారి తెరిచి పెడితే ఎంత మిగిలిందో తెలియకుండా ఒకేసారి అయిపోతాయి. రాత్రి పడుకునే ముందు పంపు స్విచ్ ఆపేస్తే ఏ కుళాయి వదులుగా ఉన్నా భయం లేదు.

పులిహోర_ప్రియ
"శనివారం ఆడవాళ్లంతా" అన్నారు. మా పడవలో ఇరవై నిమిషాలు షవర్ కింద నిలబడి పాటలు పాడింది మా తమ్ముడు.

లంగరు_వేసినవాడు
మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాటలు పాడేవాళ్లంతా.

కొత్త_కెరటం
మా పడవలో వాటర్‌మేకర్ ఉందని రాశారు. అయితే ఈ గొడవ లేనట్లేనా?

రిటైర్డ్_చీఫ్
ఉంది అనేది వేరు, పనిచేస్తోంది అనేది వేరు. సముద్రపు నీటిని సుమారు 55 బార్ ఒత్తిడితో పొరలోంచి నెట్టి ఉప్పు తీసే యంత్రం అది. రేవులో, మురికి నీటిలో, డీజిల్ తెట్టు ఉన్నచోట వేయకూడదు, పొర పాడవుతుంది. శుభ్రమైన నీటిలో, జనరేటర్ నడుస్తున్నప్పుడు వేయాలి. మొదట వచ్చిన నీటిని ట్యాంకులోకి పంపకుండా బయటకు వదిలి, రుచి చూసి, తర్వాతే వాల్వు తిప్పాలి. కంపెనీవారి ఎదుటే ఒకసారి నడిపించి చూపించమనండి.

ట్యాంక్‌బండ్_తెరచాప
అందరూ మర్యాదగా దాటేస్తున్న విషయం ఒకటుంది. టాయ్‌లెట్.

టంపా_రావు
నోటి ద్వారా లోపలికి వెళ్లినది తప్ప ఇంకేదీ అందులోకి వెళ్లకూడదు. కాగితం కూడా పక్కన బుట్టలో. ఇది పిల్లలకూ పెద్దలకూ మొదటి రోజే చెప్పాలి. నాపని అయిపోయింది.

మ్యూనిక్_మోహన్
అయిపోలేదు రావు గారూ. ప్రతి టాయ్‌లెట్‌కూ ఒక హోల్డింగ్ ట్యాంకు, దాని కింద ఒక వాల్వు. మూసి ఉంటే ట్యాంకులో నిలుస్తుంది, తెరిచి ఉంటే సముద్రంలోకి పోతుంది. ట్యాంకు చిన్నది, ఇద్దరికి రెండు రోజులు వస్తే గొప్ప. నిండిన సంగతి చాలా పడవల్లో ఏ దీపమూ చెప్పదు. బొత్తాం నొక్కితే మోటారు గొంతు మారుతుంది, లోపలికి వెళ్లాల్సినది వెళ్లనని మొండికేస్తుంది. అప్పుడు ఇంకో పది సెకన్లు నొక్కేవాడు ఉంటాడు చూడండి, వాడి వల్ల మిగిలిన సెలవంతా పాడవుతుంది.

తీరానికి దూరంగా, లోతు నీటిలో వెళ్తున్నప్పుడు ఖాళీ చేయడం ఆనవాయితీ. నిబంధనలు దేశానికొకటి. టర్కీలో గోచెక్ వైపు వెళ్తే పడవకు నీలి కార్డు ఉంటుంది, వ్యర్థాలు ఎక్కడ ఎంత అప్పగించారో దానిలో నమోదవుతుంది. అద్దెకు ఇచ్చేవారిని ఈ మాట నేరుగా అడగండి, సిగ్గుపడకండి.

ఎడిసన్_పద్మ
షవర్ నీళ్లు గదిలో నిలిచిపోయేవి. అది కూడా దీనికే సంబంధించినదా?

లంగరు_వేసినవాడు
కాదు. షవర్ కింది నీళ్లు పడవ నీటిమట్టానికి దగ్గరగా ఉంటాయి, వాటంతట అవి పోలేవు. గోడకు ఒక బొత్తాం ఉంటుంది, స్నానం చేస్తూనే దాన్ని నొక్కి పంపుతో తోడాలి. నొక్కినా పోకపోతే జల్లెడలో వెంట్రుకలు. వాటిని తీయడానికి చేతి తొడుగులు తీసుకెళ్లండి.

సీషెల్స్_శైలజ
ఇదంతా చదివాక స్కిప్పర్‌కు ఇంకాస్త ఎక్కువ బహుమతి ఇవ్వాల్సిందనిపిస్తోంది.

రిటైర్డ్_చీఫ్
ఇన్ని స్విచ్‌లు గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు, ఓడలో పనిచేసేవాళ్లం కూడా గుర్తుపెట్టుకోం, రాసుకుంటాం. అప్పగింత మొత్తం ఫోన్‌లో వీడియో తీయండి. కుర్రవాడు తొందరపడితే ఆపండి. అతను నొక్కి చూపించడం కాదు, మీరు నొక్కాలి, అతను చూడాలి. జనరేటర్ మీ చేత్తో వేసి, చార్జర్ పైకి పెట్టి, వోల్టేజి పెరిగిందని చూశాకే సంతకం. ఆ తర్వాత పొద్దున్నే కాఫీకి ముందు ఒక మనిషి ఒక పుస్తకంలో నాలుగు అంకెలు రాయాలి: వోల్టేజి, మంచినీళ్లు, డీజిల్, అడుగు గదిలో నీళ్లు ఉన్నాయా లేవా. ఇంజన్ వేయగానే వెనక్కి వంగి పొగగొట్టం నుంచి నీళ్లు చిమ్ముతున్నాయో లేదో చూడాలి. రోజూ ఒకే మనిషి. అందరిదీ అనుకున్న పని ఎవరిదీ కాదు.

పులిహోర_ప్రియ
మా ఇంట్లో ఆ ఒక్క మనిషి అమ్మ అవుతుంది. పడవలో కూడా.

టంపా_రావు
పన్నెండేళ్ల పిల్లలకు ఇవ్వండి. మా అమ్మాయి మాకన్నా నమ్మకంగా రాసింది. డీజిల్ తగ్గిందని నన్ను నిలదీసింది కూడా. డింగీ, అంటే ఒడ్డుకు వెళ్లే చిన్న పడవ, సంగతి నేను చేరుస్తాను. రాత్రి దాన్ని నీటిలో వదలకండి, పైకి ఎత్తేయండి. పెద్ద పడవను వెనక్కి నడిపేటప్పుడు డింగీ తాడు పొట్టిగా లాగి కట్టండి, లేకపోతే ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది.

మ్యూనిక్_మోహన్
పద్మ గారూ, అనెగాడా వెళ్తారా? దిబ్బలు, పగడాలు ఎక్కువ, దీవి నేలబారుగా ఉండి దగ్గరకు వెళ్లేదాకా కనిపించదు. కొన్ని కంపెనీలు అనుమతి ఇవ్వవు. కాలువలో దారి చూపే ఎర్ర బోయాలు లోపలికి వెళ్లేటప్పుడు కుడిచేతి వైపు ఉండాలి. అది అమెరికా ఖండాల పద్ధతి. మేము యూరప్‌లో నేర్చుకున్నది సరిగ్గా తలకిందులు.

రిటైర్డ్_చీఫ్
విశాఖలోనూ యూరప్ పద్ధతే. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లూ, ఇండియాలో నేర్చుకున్నవాళ్లూ అక్కడ ఒకటికి రెండుసార్లు చార్టు చూడాలి.

ఎడిసన్_పద్మ
వెళ్దామనే ఉంది. అక్కడ లోతు చూపించే మీటర్ నమ్మవచ్చా? పోయినసారి 3 అని చూపిస్తుంటే మావారు నిశ్చింతగా ఉన్నారు, నాకు మాత్రం అడుగు కనిపిస్తోంది.

లంగరు_వేసినవాడు
3 ఏమిటి, మీటర్లా, అడుగులా? ఎక్కడి నుంచి, నీటి పైభాగం నుంచా, సెన్సర్ నుంచా, పడవ అడుగు నుంచా? ఒక్కో పడవలో ఒక్కోలా అమర్చి ఉంటారు. మీ పడవ నీటిలోకి దిగేది నాలుగు అడుగుల పైనే. నీటి పైభాగం నుంచి 3 మీటర్లు అంటే కింద దాదాపు ఆరు అడుగులు ఉన్నట్లు. అదే 3 అడుగులు, అదీ పైభాగం నుంచి అయితే పడవ ఇప్పటికే ఇసుక మీద ఉన్నట్లు. కంపెనీవాళ్ల మాట కూడా పూర్తిగా నమ్మకండి. కట్టి ఉన్నప్పుడు తాడుకు ఏదైనా బరువు కట్టి దింపి, తడిసినంత మేర కొలిచి, తెర మీది అంకెతో పోల్చండి.

ఎడిసన్_పద్మ
ఆ తెర మీద ఏ కొలతో ఫోటోలో కూడా కనిపించడం లేదు. కొత్త కంపెనీకి ఇప్పుడే రాశాను: లోతు ఎక్కడి నుంచి లెక్క, ఏ కొలతలో, బ్యాటరీలు ఎప్పుడు మార్చారు, అప్పగింతకు రెండు గంటలు ఇస్తారా, అనెగాడాకు అనుమతి ఉందా. జవాబు రాగానే ఇక్కడ పెడతాను. చీఫ్ గారూ, ఆ ప్యానెల్ ఫోటో కూడా పెడుతున్నాను, పై వరుసలో పేరు చెరిగిపోయిన మూడు స్విచ్‌లు ఏమై ఉంటాయో చూసి చెప్పండి.

రిటైర్డ్_చీఫ్
పెట్టండి. మొదటి స్విచ్ దగ్గర ఎన్ని ఆంపియర్లని ఉందో కనిపించేలా తీసి ఉంటే పని సులువవుతుంది.